చూడి లెక్కే అసలు లెక్క

గేదె ఎదకు వచ్చిన పూట చేజారితే మళ్లీ 21 రోజులు ఆగాలి. రెండు గేదెలతో నెట్టుకొచ్చే ఇంటికి అది చిన్న ఆలస్యం కాదు. ఈతకీ ఈతకీ మధ్య గేదె వట్టిపోయి ఉండే కాలం ఆ మేరకు పెరుగుతుంది. పాలకేంద్రం నుంచి వచ్చే డబ్బు ఆగుతుంది, తవుడు, తెలగపిండి ఖర్చు మాత్రం ఆగదు. మేలుజాతి దూడలనిచ్చే కొత్త పద్ధతులను చిన్న రైతులు ఎందుకు అందిపుచ్చుకోవడం లేదన్న చర్చ ఎప్పుడు జరిగినా ఈ 21 రోజుల ఊసెత్తేవారు తక్కువ. ‘రైతులకు అవగాహన లేదు’ అనే మాటతో మొదలైన చర్చ ఒక అవగాహన సదస్సుతో ముగుస్తుంది.

ఆ మాటతో నేను ఏకీభవించను. కృత్రిమ గర్భధారణ మనకు కొత్త విద్య కాదు. 1939లోనే మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫాంలో సంపత్ కుమరన్ దానికి శ్రీకారం చుట్టారు. 1943లో అలహాబాద్ వ్యవసాయ సంస్థలో ఈ పద్ధతిలో దేశంలో తొలి గేదె దూడ పుట్టింది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో నాటు గేదెల సంతతి తరం తరానికీ ముర్రా పోలికకు రావడం, చిత్తూరు పల్లెల్లో జెర్సీ సంకర ఆవులు ఊరూరా పెరగడం చిన్న రైతులు ఈ కృత్రిమ గర్భధారణ సూదిని నమ్మబట్టే సాధ్యమయ్యాయి. 2019 సెప్టెంబరులో కేంద్రం దేశవ్యాప్త కార్యక్రమం మొదలుపెట్టి, ఈ సేవ తక్కువగా ఉన్న జిల్లాల్లో రైతు ముంగిట్లోనే ఉచితంగా సూది వేయిస్తోంది. అయినా దేశంలో ఈనగల పశువుల్లో దాదాపు మూడో వంతుకే కృత్రిమ గర్భధారణ అందుతోందని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. ఉచితంగా ఇస్తామన్నా రైతు వెనకాడుతున్నాడంటే, ఆ సేవ తీరును ముందు పరీక్షించుకోవాలి.

ఎదకు వచ్చిన ఆవు అరుస్తుంది, పక్క పశువుల మీదికి ఎక్కుతుంది, మేత మానేస్తుంది. గేదెది మూగ ఎద. అరుపు తక్కువ. తీగలు (జిగట స్రావం) వేయడం కూడా పడుకున్నప్పుడే ఎక్కువగా కనిపిస్తుంది. లక్షణాలు చాలావరకు రాత్రిపూటో తెల్లవారుజామునో బయటపడతాయి. ఎండాకాలంలో చాలా గేదెలు ఎదకే రావు. పొద్దున ఎద గుర్తిస్తే సాయంత్రం, సాయంత్రం గుర్తిస్తే మర్నాడు పొద్దున సూది వేయించాలన్నది నియమం. చీకటితో లేచి పేడ తీస్తూ తోక కింద తీగను ముందుగా చూసేది ఇల్లాలు. శిక్షణకు పిలుపు వచ్చేదేమో ఆమె భర్తకు! ఊరి దున్నపోతుకు ఈ చిక్కు లేదు. వాసన పట్టి వేళకు దాటుతుంది. గేదెను ఇంకా దున్న దగ్గరికి తోలుకెళ్తున్న రైతును మొండివాడనడం అన్యాయం. నాసిరకం దూడ పుట్టవచ్చనీ రోగాలు అంటుకోవచ్చనీ తెలిసి కూడా, ముందు గేదె కడితే చాలనుకుంటున్నాడు.

సూది ప్రయాణం ఇంతకంటే కష్టమైనది. పావు మిల్లీలీటరు వీర్యం నింపిన సన్నని గొట్టం నంద్యాలలోనో కరీంనగర్‌లోనో బయల్దేరి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో మునిగి ఊరిదాకా రావాలి. దారిలో ఎక్కడైనా నత్రజని అడుగంటితే వీర్యకణాలు చచ్చిపోతాయి. చివర్లో 37 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ఉంచి కరిగించాలి. మండుటెండలో బైకు మీద ఊళ్లు తిరుగుతూ సూదులు వేసే గోపాలమిత్రకు ప్రతిసారీ అంత వెసులుబాటు ఉంటుందా? బతికున్న వీర్యానికీ చచ్చినదానికీ తేడా రైతు కంటికి ఆనదు. మూడు వారాల తర్వాత గేదె తిరగపొర్లినప్పుడే ఆ సంగతి తెలిసేది. అప్పటికి తప్పు గేదెదా, మేతదా, సూదిదా అని తేల్చే దారి ఉండదు.

ఒక సూదికి మూడింట ఒక గేదె కడుతుందనుకుందాం. మన పల్లెల్లో పరిస్థితి అంతకంటే గొప్పగా ఏమీ లేదు. ఆ లెక్కన మూడు ఎదల్లో వరుసగా మూడు సూదులు వేయించినా పది గేదెల్లో మూడు ఒట్టిగానే మిగులుతాయి. వంద గేదెల ఫాం యజమాని ఆ ముప్పై గేదెల నష్టాన్ని మిగతా డెబ్బై పాలతో పూడ్చుకుంటాడు. రెండే ఉన్న ఇంట్లో ఒకటి కట్టకపోతే సగం ఆదాయం పోయినట్టే. సగటు లాభాలు చూపించి ఆ ఇంటిని ఒప్పించలేం.

కొత్తగా వచ్చినవాటికీ ఇదే కొలత వర్తిస్తుంది. లింగ నిర్ధారిత వీర్యంతో దాదాపు 90 శాతం పెయ్య దూడలే పుడతాయి. ట్రాక్టర్లు వచ్చాక మగ దూడ ఎవరికీ అక్కర్లేనిదైంది. తల్లి పాలకు కూడా నోచుకోక ఎన్నో దూడలు కళ్లముందే చిక్కి చచ్చిపోతున్నాయి. కాబట్టి ఈ పరిజ్ఞానం రావాల్సిందే. దాని ధర తగ్గించేందుకు 2024 అక్టోబరు 5న మహారాష్ట్రలోని వాశిమ్‌లో ప్రధాని దేశీయ సాంకేతికతను ప్రారంభించారు. డోసుకు సుమారు 200 రూపాయలు తగ్గుతుందన్నారు, సంతోషమే. అయితే మామూలు డోసులో రెండు కోట్ల వీర్యకణాలుంటే, ఇందులో ఉండేవి 20 లక్షల దాకానే. కట్టే అవకాశం ఇంకా తగ్గుతుంది. వేళ తప్పితే మన్నించే గుణం దీనికి మరీ తక్కువ. ఎద గుర్తింపు, నత్రజని సరఫరా సరిదిద్దకుండా దీన్ని ఊళ్లమీదికి వదిలితే, ఒకసారి దెబ్బతిన్న రైతు మళ్లీ ఆ పేరెత్తడు.

పరిష్కారానికి దారి ప్రభుత్వ పథకంలోనే ఉంది. రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద ఐవీఎఫ్ (ప్రయోగశాలలో తయారైన పిండాన్ని గర్భంలో ఉంచే) పద్ధతిలో ఒక పశువు చూడి కావడానికి 21,000 రూపాయలు అవుతుందని లెక్కగట్టి, అందులో 5,000 రాయితీ ఇస్తున్నారు. ఆ రాయితీ ఖాయమైన చూడికి ముడిపడి ఉంది. ఖరీదైన పిండాన్ని కొనగలిగిన రైతుకు దక్కిన ఈ భరోసా, మామూలు సూది వేయించుకునే చిన్న రైతుకు ఎందుకు దక్కకూడదు? దూడ పుడితే సిబ్బందికి ప్రోత్సాహకం ఇవ్వాలన్న ఆలోచన పథకాల్లో లేకపోలేదు. కానీ కింది స్థాయిలో టార్గెట్లు, సమీక్షలు సూదుల సంఖ్య చుట్టూనే తిరుగుతున్నాయి.

సూది వేసిన మనిషి కాకుండా మరొకరు చూడి పరీక్ష చేయాలి. పశువు చెవికున్న 12 అంకెల ట్యాగు మీద ఆ ఫలితం నమోదు కావాలి. గోపాలమిత్ర స్థిర వేతనానికి కోత పెట్టకుండా, అదనపు ప్రోత్సాహకాన్ని మాత్రం కట్టిన గేదెలతో ముడిపెట్టాలి. ఇందులో ఒక ప్రమాదం ఉంది. చిక్కిన గేదెలను, తిరగపొర్లేవాటిని సిబ్బంది ముట్టుకోకుండా తప్పుకోవచ్చు. అందుకని మూడుసార్లు కట్టని గేదె నేరుగా పశువైద్యుడి పట్టికలోకి వెళ్లాలి. పరీక్ష, ఖనిజ లవణ మిశ్రమం, అవసరమైన మందులు ఉచితంగా అందాలి. ఎద గుర్తించే శిక్షణను పాలకేంద్రం దగ్గరే, పాలు పోయడానికి వచ్చే ఆడవాళ్లకు ఇవ్వాలి.

గేదెలు ఎక్కువగా ఎదకొచ్చేది సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పశుసంవర్ధక శాఖలు ఆగస్టులోపే జిల్లాకో మండలాన్ని ఎంచుకుని, రాబోయే కాలానికి ఈ లెక్కతో పనిచేయవచ్చు. ఊరి పేరు, వేసిన సూదులు, కట్టిన గేదెలు, పుట్టిన దూడలు వరుసగా రాసి పాలకేంద్రం గోడకు అంటించాలి.