ఫారంలో అబద్ధం రాయకండి

ఆల్ప్స్‌లో గైడ్‌తో మౌంటెన్ బైకింగ్ అనగానే ముందు షాపింగ్, తర్వాత జిమ్‌లో కాళ్లకు కసరత్తు. మోర్జీన్, లే జే లాంటి చోట్ల కొండెక్కించేది లిఫ్టు మహాశయా! మీ పని దిగడం. గంటల తరబడి దిగుతుంటే ముందు చచ్చుబడేవి వేళ్లు, ముంజేతులు. భయంతో బ్రేకు నొక్కిపట్టే ఉంచితే డిస్కు కాగిపోయి పట్టు సడలుతుంది. ఎంతమంది సాధన చేస్తున్నారు దీన్ని?

దీనికి తోడు బుకింగ్ ఫారం. ‘మీ స్థాయి?’ అని అడిగితే సిగ్గుపడి ‘ఇంటర్మీడియట్’ అని టిక్కు పెట్టేస్తాం. నీలం దారా, ఎరుపు దారా అన్నది గైడ్ ఆ టిక్కుని నమ్మే తేలుస్తాడు. మీరు ఎరుపు దారి మధ్యలో బిగుసుకుపోతే జట్టంతా ఆగాలి. ఆగితే సరే, పడితే? మీ పరువు కోసం పక్కవాళ్ల సెలవులు, మీ ఎముకలు పణం పెట్టడమేంటి? ‘నేను కొత్త’ అని రాయండి. హెల్మెట్ ఆ తర్వాత కొందురుగాని.