ముందు నీళ్ళు, తర్వాతే చేపలు

మా చిన్నదాని పుట్టినరోజుకి మావారు అక్వేరియం పట్టుకొచ్చారు. అడుగున నీలంరంగు గులకరాళ్ళు, రెండు ప్లాస్టిక్ మొక్కలు, నోరు తెరుస్తూ మూస్తూ నాలుగు గోల్డ్‌ఫిష్‌లు. ఇంటికే కళ వచ్చిందనుకున్నాం. తేవడం ఆయన వంతు, చూడ్డం పిల్లల వంతు. మరి కడగడం ఎవరి వంతో వేరే చెప్పాలా?

కడిగాను. అంట్లు తోమినంత శ్రద్ధగా కడిగాను. ఆదివారం వచ్చిందంటే చేపల్ని బకెట్లోకి మార్చి, నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళని కొళాయి కింద పెట్టి రుద్ది, గాజు తళతళలాడేలా తుడిచి కొత్తనీళ్ళు పట్టేదాన్ని. మూడో ఆదివారానికి ఒక్క చేపా మిగల్లేదు. కొట్టువాడు జబ్బు చేపల్ని అంటగట్టాడని తిట్టుకున్నాను. "పోనీలేవే, ఇంకో నాలుగు కొందాం" అన్నాను చిన్నదానితో. అది నా మొహంలోకి చూసి "నువ్వు కడిగినప్పుడల్లా ఎందుకమ్మా చచ్చిపోతన్నాయి?" అంది.

నా దగ్గర జవాబు లేదు. చెప్పింది మా బాబాయి. మైపాడు దగ్గర ఏళ్ళ తరబడి రొయ్యల గుంటలు చేసిన మనిషాయన. "ఏందమ్మాయ్, నీళ్ళు సిద్ధం కాకుండానే చేపలేస్తే ఎట్టా బతుకుతాయి? ముందు నీళ్ళని పెంచాల. రొయ్యైనా చేపైనా ఆ తర్వాతే" అన్నాడు.

మన నెల్లూరు తీరం ఈ పాఠం ఊరికే నేర్చుకోలేదు. 1994లో తెల్లమచ్చ తెగులొచ్చి గుంటలకి గుంటలే తుడిచిపెట్టుకుపోయాయి. తెగులు వైరస్‌దే. కానీ కిక్కిరిసేలా పిల్లని వదలడం, ఒకరి గుంటలోంచి వదిలిన నీటినే ఇంకొకరు తోడుకోవడం దానికి దారి వేశాయి. తీరంలో రొయ్యల గుంటల వల్ల మంచినీళ్ళు ఉప్పుబారుతున్నాయన్న గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 1996 డిసెంబరులో తీర్పూ వచ్చింది. అంత పెద్ద గుంటలో జరిగిన పొరపాటే మా ఇంట్లో గాజుపెట్టెలోనూ జరిగింది. తొందర!

చేప విసర్జించేది, తినకుండా వదిలేసిన మేత కుళ్ళినది నీళ్ళలో అమ్మోనియా అవుతుంది. చేపకి అది విషం. ఒకరకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. ఇంకోరకం దాన్ని నైట్రేట్ చేస్తాయి. అది చేపకి అంత హాని చెయ్యదు, మొక్కకి ఎరువు. ఈ సూక్ష్మజీవులు ఇసుకనీ, రాళ్ళనీ, ఆకుల్నీ అంటిపెట్టుకుని చాలినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ప్రతి ఆదివారం నేను రుద్ది పారబోసింది వాటినే! పాలు తోడేసి, తోడుకోకముందే గిన్నె కడిగేసినట్టన్నమాట.

అందుకే నేననేది, చేపలు కొనకండి, ముందు తోట వెయ్యండి. జపాన్‌లో తకాషి అమానో (1954-2015) అనే ఫోటోగ్రాఫరు గాజుతొట్టెల్లో అడవులూ కొండలూ దించినట్టు పచ్చని తోటలు పెంచి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాడు. అలాంటివాటికి మంచి దీపాలూ, కార్బన్ డయాక్సైడ్ సిలిండరూ కావాలి. మనకంత అక్కర్లేదు. అమెరికాలో డయానా వాల్‌స్టాడ్ అనే ఆవిడ ఇసుక కింద మామూలు మట్టి పరిచి మొక్కలు పెంచే పద్ధతిని 1999లో పుస్తకంగా రాసింది. మన పెరటి బుద్ధికి అది చక్కగా సరిపోతుంది.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టె చాలు. దాదాపు 55 లీటర్లు పడతాయి. చిన్న గాజుబుడ్డి కంటే ఇదే తేలిక, నీళ్ళెక్కువుంటే మన పొరపాట్లని కాస్త తట్టుకుంటుంది. బరువు 70, 80 కిలోలవుతుంది కాబట్టి గట్టి బల్ల చూసుకోండి. ఎండ నేరుగా పడేచోట పెడితే పాచి పడుతుంది. అడుగున అంగుళం మందాన ఎరువు వెయ్యని తోటమట్టి, పైన అంగుళంన్నర బాగా కడిగిన పెన్న ఇసుక పరవాలి. బీచికెళ్ళినప్పుడు సంచీలో ఇసుక తెచ్చుకునే ఆలోచన మానుకోండి. దాన్లో ఉప్పూ, గవ్వల సున్నమూ ఉంటాయి. ఉప్పు బోరునీళ్ళూ వద్దు. క్యాను నీళ్ళలో లవణాలు మరీ తక్కువ, అవొక్కటే పోస్తే మంచిది కాదు. క్లోరిన్ కలిపిన కొళాయినీళ్ళని బకెట్లో ఒకరోజు నిలవుంచి పోసుకోవచ్చు.

రిబ్బన్లలాంటి ఆకుల వాలిస్నేరియా, చెరువుల్లో కాళ్ళకి చుట్టుకునే హైడ్రిల్లా, రెండూ మన దేశంలో పెరిగేవే. మొదటిరోజే ఒత్తుగా నాటండి. రోజుకి ఎనిమిది గంటల ఎల్‌ఈడీ వెలుతురు చాలు.

అసలు కష్టం ఆ తర్వాతే. నెలన్నరపాటు చేపల్లేని తొట్టెని చూస్తూ కూర్చోవాలి! మా చిన్నది మొదట ఏడ్చింది. తర్వాత కొత్త ఆకు కనిపించినప్పుడల్లా క్యాలెండర్లో చుక్క పెట్టడం మొదలెట్టింది. చుక్కలు నిండాక ఐదు గప్పీలు తెచ్చాం, అన్నీ మగవే. ఆడవి కలిస్తే నెలకోసారి పిల్లలే. గోల్డ్‌ఫిష్ జోలికి పోలేదు, అది జానెడు పెరుగుతుంది, మొక్కల్ని పీకేస్తుంది. మేత రెండు నిమిషాల్లో తినేసేంతే. వారానికి పావువంతు నీళ్ళు మార్చడం తప్ప ఇసుక జోలికి వెళ్ళకూడదు.

"బిందెడు మంచినీళ్ళకి ఎదురుచూసే ఊళ్ళున్న చోట చేపలకి నీళ్ళా?" అని మా వదిన అడిగింది. న్యాయమైన ప్రశ్నే. వారానికి మార్చేది ఒక బకెట్. అదీ పారబొయ్యం, తులసికీ గులాబీకీ పోస్తాం. మొక్కలకది మంచి బలం.

ఇంకొక్క మాట. విసుగు పుడితే మొక్కల్నీ చేపల్నీ కాలవలో వదలకండి. మన చెరువుల్ని కప్పేసిన గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుంచి అందం కోసం తెచ్చిందే. అక్వేరియాల పాచి తింటుందని కొన్న సక్కర్ చేప ఇవాళ చేపల చెరువుల్లో దెయ్యం చేపై రైతుల్ని ఏడిపిస్తోంది. వద్దనుకుంటే పెంచేవాళ్ళకి ఇచ్చేయండి.

మా తొట్టెకి ఏడాది నిండింది. ఒక్క బకెట్ నీళ్ళు మార్చడం ఎవరికీ చేతకాని పని కాదని నేను చెప్పేశాను. ఇప్పుడు ఆదివారం మగ్గు పట్టుకునేది చిన్నదీ, వాళ్ళ నాన్నా. చూడ్డం నా వంతు.