వడ్డీ స్థిరమే, వాయిదా కాదు

టెక్సస్‌లో కొత్త ఇల్లు కొన్నవారికి (ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో మనవాళ్లూ తక్కువేమీ లేరు) రెండో ఏడు నెలవాయిదా ఒక్కసారిగా పెరిగితే కోపమంతా ఎస్క్రో ఖాతా మీదికి పోతుంది. అది గురి తప్పిన కోపం. ఎస్క్రో అంటే ఆస్తిపన్ను సొమ్మును కూడబెట్టి కట్టే ఖాతా మాత్రమే. అందులో ముందుజాగ్రత్తగా అదనంగా ఉంచుకోగలిగేది ఏడాది చెల్లింపుల్లో ఆరోవంతే. అసలు చిక్కు అంచనాలో ఉంది. జనవరి 1 నాటికి ఇల్లు లేవకపోతే ఆ ఏడు పన్ను స్థలం మీదే పడుతుంది. మరుసటి ఏడు ఇంటి విలువా కలుస్తుంది. అప్పుడు పెరిగిన పన్నుతో పాటు ఖాతాలో పడిన పాత లోటునూ పూడ్చాలి.

రాష్ట్ర ఆదాయపు పన్ను లేనిచోట ఆస్తిపన్నూ లేకపోతే బడులకు డబ్బెక్కడిదన్న వాదన న్యాయమైనదే. సొంతింటి పన్ను విలువ పెరుగుదలకు ఏటా 10 శాతం పరిమితి ఉందనీ అంటారు. కొత్త నిర్మాణానికి ఆ రక్షణ వర్తించదు. కొనేవారే లెక్క చూసుకోవాలనడం మాత్రం అన్యాయం. పూర్తయిన ఇంటి ధర అప్పిచ్చేవారి కాగితాల్లోనే ఉంటుంది. చుట్టుపక్కల ఇళ్ల పన్నును బట్టి అంచనా వేసుకునే వెసులుబాటు సమాఖ్య నిబంధనల్లో ఇప్పటికే ఉంది. దాన్ని తప్పనిసరి చేసి, రెండో ఏటి వాయిదాను సంతకానికి ముందే చూపించాలి.