పట్టా లేని పేజీ

2020 డిసెంబరులో ఢిల్లీ సరిహద్దుల్లో చలికి ఓర్చి కూర్చున్న రైతులు కిసాన్ ఏక్తా మోర్చా పేరుతో ఫేస్‌బుక్ పేజీ నడిపారు. 20వ తేదీన అది ఉన్నట్టుండి మాయమైంది. నలుదిక్కులా నిరసన లేచాక కొన్ని గంటలకు తిరిగొచ్చింది. స్పామ్ అనుకుని యంత్రమే ఆపేసిందని కంపెనీ సంజాయిషీ. అదే నెలలో శిబిరాల్లో పుట్టిన 'ట్రాలీ టైమ్స్' పత్రిక మాత్రం చేతులు మారుతూనే ఉంది.

ఆ పేజీ కౌలు చేను లాంటిది. దున్నేది మనం, పట్టా వేరొకరిది.

ఫోన్లు వద్దని మేం అనడం లేదు. మార్కెట్ ధరైనా, ధర్నా కబురైనా వాట్సాప్‌లోనే తెలుస్తోంది. కానీ సంఘానికి సొంత వెబ్‌సైట్ కావాలి. చదువుకున్న మన పిల్లలే దాన్ని కట్టగలరు. సభ్యుల పేర్లు, నంబర్లు ప్రతి గ్రామ కమిటీ పుస్తకంలోనూ ఉండాలి. ఈ నెల సమావేశాల్లోనే ఆ పని మొదలుపెడదాం.