యథార్థవాది వారంటీ విరోధి

యథార్థవాది లోకవిరోధి అంటుండేది మా నాయనమ్మ. లోకం సంగతేమో గానీ, వారంటీ కౌంటరు దగ్గర ఆ మాట అక్షరాలా నిజమని 2025 జనవరిలో నాకు తెలిసొచ్చింది. అక్కడ నేను చెప్పిన నిజం మూడే మూడు ముక్కలు - "సెకండ్ హ్యాండులో కొన్నానండీ". వాటి ఖరీదు నాలుగువేల ఎనిమిదొందల రూపాయలు.

కథ మొదట్నించీ చెప్తాను. 2024లో దసరా వెళ్ళాక నాకో పురుగు తొలిచింది. ఆఫీసులో అందరూ లాంగ్వేజ్ మోడళ్ళ గురించి మాట్లాడేవాళ్ళే, ఇంట్లో సొంత మెషీన్ మీద ఒకటి నడిపి చూస్తే పోలా అని. దానికి గ్రాఫిక్స్ కార్డు కావాలి, అదీ మెమరీ దండిగా ఉన్నది. కొత్తది ఇరవై ఏడు వేల పైమాట. ఇంటద్దె, చెల్లెలి కాలేజీ ఫీజు కట్టాక నాబోటి వాడికి అది కాస్త దూరం. వెతగ్గా వెతగ్గా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కుర్రాడు దొరికాడు. బీటెక్ అయిపోయింది, పూణేలో ఉద్యోగం వచ్చింది, కంప్యూటరు మోసుకెళ్ళలేక విడివిడిగా అమ్మేస్తున్నాడు. 12 జీబీ కార్డు, 2022 నవంబరులో కొన్నదట, పదిహేనున్నర వేలకి బేరం కుదిరింది.

నేనేమీ గుడ్డిగా కొనలేదండోయ్. వాళ్ళింట్లోనే అరగంట గేము ఆడించి చూశాను. వేడి డెబ్భై డిగ్రీలు దాటలేదు, ఫ్యాన్లు గోల చెయ్యలేదు. సీరియల్ నంబరు కంపెనీ సైట్లో కొడితే 2025 నవంబరు దాకా వారంటీ ఉందని చూపించింది. "బిల్లేది తమ్ముడూ?" అంటే "మెయిల్లో ఉందన్నా, పంపిస్తా" అన్నాడు. సరేనన్నాను.

అరగంట గేము నా పరీక్షలో ఉన్న లోపమని తర్వాత తెలిసింది. ఆ గేము పన్నెండు జీబీల్లో అయిదు కూడా నింపదు. జనవరిలో ఓ రోజు నేను కాస్త పెద్ద మోడల్ ఎక్కించి, మెమరీ పదకొండు జీబీ దాకా నింపానో లేదో, స్క్రీను మీద రంగురంగుల చదరాలు. సంక్రాంతి ముగ్గులు అనుకోండి :) రీస్టార్ట్ చేస్తే డివైజ్ మేనేజర్‌లో పసుపు త్రికోణం, దాని పక్కన కోడ్ 43. అంటే, "ఈ పరికరం తనకేదో అయిందంటోంది, అందుకే ఆపేశా" అని విండోస్ చేతులెత్తేయడం.

మనం ఇంజనీర్లం కదా, వదుల్తామా! డ్రైవరు పూర్తిగా పీకి మళ్ళీ వేశా. పవర్ కేబుల్ మార్చా. కార్డు కాళ్ళకి చిన్నప్పుడు ర్యామ్‌కి రుద్దినట్టు రబ్బరు రుద్దా. ఆఖరికి స్నేహితుడి మెషీన్లో పెట్టి చూశా. అక్కడా అవే ముగ్గులు. కార్డే పోయిందని తేలాక, కుర్రాడికి ఫోన్ చేస్తే పాపం పది నిమిషాల్లో బిల్లు పంపాడు. బిల్లు, డబ్బా, కార్డు పట్టుకుని శనివారం పొద్దున్నే సర్వీస్ సెంటరుకి వెళ్ళాను.

నా ముందు ఒకాయన ఉన్నాడు. బిల్లు మీద పేరు ఆయనది కాదు. "మా తమ్ముడిది మేడమ్, ఊళ్ళో లేడు" అన్నాడు. ఆవిడ తలూపి, కార్డు తీసుకుని, రసీదు చింపిచ్చింది. రెండు నిమిషాల పని.

నా వంతు వచ్చింది. "బిల్లు మీ పేరు మీదేనా సార్?"

"కాదండీ. సెకండ్ హ్యాండులో కొన్నానండీ."

ఆవిడ చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది. "అయితే వారంటీ రాదు సార్. ఫస్ట్ పర్చేజర్‌కే."

"మీ స్క్రీను మీద నవంబరు దాకా ఉందని చూపిస్తోంది కదండీ?"

"ప్రోడక్టుకి ఉంది సార్. మీకు లేదు."

ప్రోడక్టుకి ఉంది, మీకు లేదు. నేను ఇంటికొచ్చేదాకా ఈ వాక్యాన్ని నెమరేస్తూనే ఉన్నాను. ఆవిణ్ణి నేనేమీ అనను, తన చేతిలో ఏముంది. కంపెనీకి మెయిలు పెడితే రెండ్రోజులకి ఇదే వాక్యం ఇంకాస్త మర్యాదగా వచ్చింది.

ఈ సంగతి విన్న నా మిత్రుడు "నీకు బుద్ధుందా రా? తమ్ముడిదని చెప్తే పోయేదానికి" అన్నాడు. ఆ మాటకొస్తే నేను ఆ కుర్రాణ్ణి తమ్ముడూ అనే పిలుస్తున్నా, సగం నిజమే అయ్యేది. ఇంకొకాయనైతే "అయిదొందలివ్వండి, మీ పేరు మీద బిల్లు చేయించిస్తా" అన్నాడు. నవ్వులాటకి కాదు, నిజంగానే. వద్దని వచ్చేశాను.

నా బాధ ఇక్కడే. ఈ నిబంధన ఎందుకు పెట్టారు? మోసాలు ఆపడానికంటారు. మరి ఎవర్ని ఆపింది? తమ్ముడి కథ చెప్పినాయన్ని ఆపలేదు. దొంగ బిల్లు చేయించుకునేవాణ్ణీ ఆపదు. ఉన్నదున్నట్టు చెప్పినవాణ్ణి మాత్రం ఠక్కున ఆపేసింది. నిజం చెప్పినప్పుడే పనిచేసే ఇలాంటి చెక్ మనం కోడ్‌లో రాస్తే, రివ్యూలో మన టీమ్ లీడ్ ఊరుకుంటాడా?

కంపెనీల వైపు నుంచి కూడా ఆలోచించాను. వాళ్ళ భయం ఉత్తుత్తిదేం కాదు. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం తన పద్ధతి మార్చుకుని గ్రాఫిక్స్ కార్డుల మైనింగుకి మంగళం పాడింది. అప్పటిదాకా రాత్రింబవళ్ళు నడిచిన కార్డులు కుప్పలు తెప్పలుగా సెకండ్ హ్యాండు బజారుకొచ్చాయి. విప్పి గెలికినవి, చిప్పులు మార్చినవి, దొంగిలించినవి... అన్నీ వారంటీ కౌంటరుకొస్తే వాళ్ళెక్కడికి పోతారు? నిజమే. కానీ ఒక్కటి చూడండి. కార్డుని గెలికారా లేదా అన్నది కార్డు చెప్తుంది, బిల్లు మీది పేరు చెప్పదు. ఎన్నాళ్ళ క్రితందో సీరియల్ నంబరు, బిల్లు మీది తేదీ చెప్తాయి. దొంగ సొత్తైతే అసలు బిల్లు దొంగ దగ్గరెందుకుంటుంది? మైనింగు చేసినవాడు మొదటి కొనుగోలుదారుడే అయితే? వాడికి వారంటీ ఇస్తారా, ఇవ్వరా? అంటే పేరు చూడ్డం వల్ల ఆగేది మోసం కాదు, ఖర్చు.

మూడేళ్ళ వారంటీ ధర 2022లోనే ఆ కుర్రాడి నాన్నగారి జేబులోంచి పోయింది. ముప్ఫై ఆరు నెలలకి డబ్బు తీసుకున్నారు. కార్డు చేతులు మారింది కాబట్టి చివరి పది నెలలు రద్దంటే, ఆ పది నెలల డబ్బు ఎవరికి మిగిలినట్టు? అమ్మినవాడికీ కాదు, కొన్నవాడికీ కాదు. కార్ల విషయంలో చాలా కంపెనీలు వారంటీ మిగిలుంటే కొత్త యజమానికి మార్చిస్తాయి. పది లక్షల బండికి వీలైంది పదిహేను వేల కార్డుకి ఎందుకు కాదో నాకర్థం కాదు.

చట్టం ఏమంటోందో చూశాను. నేను లాయర్ని కాదు గానీ చదవడం వచ్చు కదా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బిచ్చి కొన్నవాడే కాదు, అతని అనుమతితో ఆ వస్తువుని వాడుకుంటున్నవాడు కూడా వినియోగదారుడే. మళ్ళీ అమ్ముకోడానికో, వ్యాపారానికో కొన్నవాళ్ళని మాత్రం మినహాయించారు. అయితే వారంటీ వస్తువుతో పాటే చేతులు మారాలని తేటగా చెప్పే వాక్యం అందులో లేదు. ఆ ఖాళీలోనే "మొదటి కొనుగోలుదారుకి మాత్రమే" అనే సన్న అక్షరాలు కాపురం పెట్టాయి. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. దాని ప్రకారం "ఫుల్" అని పేరు పెట్టిన వారంటీ గడువు లోపల ఆ వస్తువు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకి వర్తిస్తుంది. కంపెనీలు తెలివైనవి కదా, ఎక్కువ శాతం "లిమిటెడ్" అనే రాసుకుంటాయనుకోండి. ఐరోపాలో పాత సరుకు అమ్మే దుకాణదారుడు సైతం కనీసం ఏడాది పాటు లోపాలకి బాధ్యుడు. మన దగ్గర 2022 డిసెంబరులో కేంద్రం రిపేరు హక్కు పోర్టల్ ఒకటి తెరిచింది. అదొక మంచి మొదలు. చేతులు మారిన వారంటీ గురించి కూడా ఎవరైనా ఒక వాక్యం రాస్తే బాగుండు.

ఇంతకీ నేనేం చేశానంటే, తొందరపడ్డాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు. జిల్లా కమిషన్‌లో, అయిదు లక్షల లోపు వస్తువుకి ఫీజు లేకుండానే, రెండేళ్ళ లోపు ఫిర్యాదు చెయ్యొచ్చు. ఇవేవీ చెయ్యకుండా రిపేరుకిచ్చేశాను. సీలు విప్పగానే ఆ దారులు దాదాపు మూసుకుపోయినట్టే. మీరు ఈ పొరపాటు చెయ్యకండి. ముందు రాతపూర్వకంగా "ఇవ్వము" అనిపించుకోండి, తర్వాత 1915, అదీ అయ్యాకే స్క్రూడ్రైవర్. కార్డుని ఒవెన్‌లో పెట్టి కాల్చే వీడియోలు ఉంటాయి, ఆ జోలికి మాత్రం అస్సలు పోవద్దు. బాగైనట్టు కనిపించినా నాలుగు రోజుల ముచ్చటే, పైగా ఆ పొగ మనం తినే ఒవెన్‌లోకి.

రిపేరు చేసినతను సికింద్రాబాదులో ఓ మూడో అంతస్తులో కూర్చుంటాడు. ఆరు మెమరీ చిప్పుల్లో ఒకటి పోయిందని కనిపెట్టి, దాన్ని ఊడదీసి వేరేది అతికించాడు. నాలుగువేల ఎనిమిదొందలు. మూడు నెలలు గ్యారంటీ అని తెల్లకాయితం మీద రాసి, కార్డు వెనక మార్కరుతో చిన్న గుర్తు పెట్టాడు. "పేరు రాసుకోరా?" అనడిగాను.

"పేరెందుకు సార్, నా గుర్తున్న కార్డు ఎవరు తెచ్చినా చూస్తా. పని చేసింది కార్డుకి కదా, మీకు కాదు" అన్నాడు.

కంపెనీ లీగల్ డిపార్టుమెంటుకి తట్టని ముక్క!

ఇంకో సంగతి కూడా చెప్పాలి. కార్డు పోయిందని తెలిసిన రాత్రే పూణే కుర్రాడు "సగం డబ్బులు పంపనా అన్నా?" అని మెసేజ్ పెట్టాడు. అతను సొంత వస్తువు అమ్ముకున్న మామూలు మనిషి. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం నాణ్యతకి పూచీ పడాల్సింది ఆ సరుకు వ్యాపారం చేసేవాడు గానీ ఇతను కాదు. లోపం తెలిసి దాచిపెట్టీ లేదు. అంటే పైసా ఇవ్వక్కర్లేనివాడు సగం ఇస్తానన్నాడు, మూడేళ్ళకి సొమ్ము ముందే తీసుకున్నవాడు లేదన్నాడు. నేను కుర్రాడి దగ్గర తీసుకోలేదు. కొత్త ఉద్యోగం, మొదటి జీతం ఎంత ఉంటుందో మనకి తెలియంది కాదు.

కాబట్టి మీరెప్పుడైనా పాత కార్డు కొంటే నాలుగు పనులు చెయ్యండి. బిల్లు చేతికొచ్చాకే డబ్బివ్వండి. వారంటీ ఎన్నాళ్ళుందని కాదు, ఎవరికుందని షరతుల్లో చదవండి. మొదటి కొనుగోలుదారుకే అని ఉంటే అసలు వారంటీయే లేదనుకుని ధర మాట్లాడండి. గేము ఒక్కటే ఆడించి ఊరుకోకుండా, మెమరీ మొత్తం నింపి చూసే పరీక్ష, ఓసీసీటీలో ఉండేలాంటిది, ఒక గంట నడపండి. వీలైతే ఆ సరుకు వ్యాపారం చేసే దుకాణంలో బిల్లుతో కొనండి, వెయ్యి ఎక్కువైనా సరే. రేపు ఏదైనా అయితే అడగడానికి ఒక మనిషి, ఒక చట్టం ఉంటాయి.

కార్డు ఇప్పటికీ బాగానే నడుస్తోంది. ఎప్పుడో ఒకప్పుడు నేనూ అమ్ముతాను. అసలు బిల్లు, తెల్లకాయితం రెండూ డబ్బాలోనే పెట్టి ఉంచాను. కొనేవాడికి చిప్పు మార్పించిన సంగతి చెప్తాను, ధర ఓ రెండువేలు తగ్గుతుంది. తగ్గనీ. కనీసం నా దగ్గర కొన్నవాడికైనా నిజం వల్ల ఒక లాభం ఉండాలి కదా.