ముందు బాత్రూం తలుపు చూడండి

సంపాదకులకు,

మా మారేడ్‌పల్లి వృద్ధాశ్రమానికి కట్టబోయే కొత్త బ్లాకు మీద మొన్న ఆదివారం అరపేజీ వేశారు. కాలనీవాళ్ల గొడవంతా ఎలివేషన్ గురించే. నాలుగంతస్తులు లేస్తే కాలనీ అందం చెడుతుందట, గేటు వెనక సందులోకి మార్చాలట. ఆర్కిటెక్టు గారేమో పడమటి వైపంతా అద్దాలు పెడతాం, స్టార్ హోటల్లా ఉంటుందన్నారు. మే నెల మూడింటికి ఆ అద్దాల వెనక ఆయన కూర్చుంటారా? అందులో ఉండబోయేవాళ్లను మీ విలేకరి ఒక్క మాటా అడగలేదు.

కాలనీ అందమా! చెట్లు కొట్టేసి, బంగళాలు డెవలప్‌మెంటుకిచ్చి, స్టిల్టు మీద ఐదంతస్తులు లేపినప్పుడు ఈ అందం ఎక్కడికెళ్లింది? ముసలివాళ్లు కనబడితేనే చెడుతుందా?

మా అక్క వేరే ఊళ్లో ఒక వృద్ధాశ్రమంలో ఉండేది. పేరు చెప్పను. ముందు ఫౌంటెను, లోపలంతా నునుపు గ్రానైటు. బాత్రూం తలుపు లోపలికి తెరుచుకునేది. ఒకనాడు తెల్లవారుజామున అక్క జారి, సరిగ్గా ఆ తలుపుకే అడ్డంగా పడింది. ఆయా బయటి నుంచి నెట్టినకొద్దీ తలుపు అక్క నడుముకే కొట్టుకునేది. వడ్రంగి వచ్చి చెక్క కోసేదాకా తడి నేల మీదే పడి ఉంది. తుంటి విరిగింది, మళ్లీ నడవలేదు. మేనేజరు గారు మాత్రం ‘అమ్మ కాస్త చూసుకోవలసింది’ అన్నారు! తలుపు బయటికి తెరుచుకునేలా బిగిస్తే అదనంగా ఏమయ్యేది?

ఇది నా చాదస్తం కాదు. రిటైర్‌మెంట్ హోముల కోసమే 2019లో కేంద్రం నమూనా మార్గదర్శకాలిచ్చింది. జారని నేల, పట్టుకునే కడ్డీలు అన్నీ అందులో ఉన్నాయి. ర్యాంపు అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవుండాలి. అక్క ఉన్నచోట మూడడుగుల ఎత్తును పదడుగుల్లో తేల్చేశారు. స్కూటర్లు ఎక్కించుకోవడానికి పనికొచ్చేది.

అన్నట్టు, ముసలివాళ్ల గురించిన ఆ వ్యాసాన్ని బూడిదరంగు మీద చీమతలకాయంత అక్షరాల్లో అచ్చేశారేం? మనవడు చదివి వినిపించాడు. శ్రద్ధాంజలి ప్రకటనలు మాత్రం కళ్లజోడు లేకుండానే కనబడుతున్నాయి.

గేటు సందులోకి మారిస్తే అంబులెన్సు తిరగదు. మాకు కావలసింది రోడ్డు వైపు వరండా. కూరగాయల బండీ, బడిపిల్లలూ కనబడాలి.

మీ విలేకరిని మళ్లీ పంపండి. ఈసారి ఎలివేషన్ బొమ్మ వద్దు, బాత్రూం ప్లాను అడిగి అచ్చువేయండి. ఆ బ్లాకులో గది కోసం అడ్వాన్సు కట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
వెస్ట్ మారేడ్‌పల్లి, సికింద్రాబాద్