అటకెక్కిన గొంతులు

శంషాబాద్‌లో దుబాయ్‌ విమానం ఎక్కిన కుర్రాడు దిగీదిగగానే వీడియో కాల్‌ చేసి అమ్మకు మొహం చూపిస్తాడు. 2008 మార్చిలో ఈ విమానాశ్రయం మొదలవడానికి చాలాముందే కరీంనగర్‌, నిజామాబాద్‌ పల్లెల నుంచి బొంబాయి మీదుగా గల్ఫ్‌ వెళ్లినవారికి ఆ వీలేదీ? ఫోనంటే ఖరీదు. ఉత్తరం రాయడం అందరికీ రాదు. అందుకే కొందరు మనసులో మాటల్ని క్యాసెట్‌లో రికార్డుచేసి, ఊరికి వస్తున్నవారి చేతికిచ్చి పంపేవారు. ఇంటిల్లిపాదీ టూ ఇన్‌ వన్‌ చుట్టూ చేరి వినేవారు.

ఆ క్యాసెట్లు ఇప్పటికీ ఏ అటక మీదో, ట్రంకుపెట్టె అడుగునో ఉండే ఉంటాయి. ఫిలిప్స్‌ సంస్థ 1963లో ప్రపంచానికి పరిచయం చేసిన ఈ డబ్బీలో ఉండేది 3.81 మిల్లీమీటర్ల వెడల్పున్న పల్చటి టేపు. తొంభై నిమిషాల క్యాసెట్‌లో అయితే దాని మందం సుమారు 12 మైక్రాన్లే! సినిమా పాటలు పోతే మళ్లీ దొరుకుతాయి. తాతయ్య గొంతు పోతే ఎక్కడ దొరుకుతుంది?

కాబట్టి ముందు ఏది దాచుకోదగ్గదో తేల్చుకోవాలి. పైన సినిమా పేరుంది కదాని పారేయకండి. క్యాసెట్‌ వెనక అంచున రెండు చిన్న గుంటలుంటాయి. వాటికి కాగితమో, ప్లాస్టరో అంటించి ఉందంటే పాటల మీద ఎవరో ఏదో రికార్డు చేశారనే అర్థం.

దొరికింది కదాని వెంటనే ప్లేయర్లో పెట్టడమే చాలామంది చేసే పొరపాటు. ఏళ్లతరబడి కదలని టేపు అతుక్కుని ఉండొచ్చు. లాగితే పుటుక్కున తెగుతుంది. ముందు పెన్సిల్‌ దూర్చి నెమ్మదిగా ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పండి. తెల్లటి బూజు కనిపిస్తే మాస్కు పెట్టుకోండి. బూజు పట్టినదాన్ని మంచి ప్లేయర్లో పెడితే మిగతా క్యాసెట్లకూ అంటుతుంది.

టేపు తెగిందా? కంగారొద్దు. అయస్కాంతం అంటని బ్లేడు, గీత చెక్కిన చిన్న చెక్కముక్క చాలు. రెండు కొసల్నీ ఆ గాడిలో పెట్టి ఏటవాలుగా కోసి, ఎదురెదురుగా చేర్చి, స్ప్లైసింగ్‌ టేపుతో అతికించాలి. హెడ్‌ను తాకే వైపు కాదు, లోపలి వైపు అతికించాలి. మామూలు సెల్లోటేపు మాత్రం వద్దు. కొన్నాళ్లకు దాని జిగురు కారి పక్క చుట్లను కూడా పాడుచేస్తుంది.

టేపు బాగానే ఉన్నా గొంతు మందంగా వినిపిస్తోందా? మధ్యలోని చిన్న స్పాంజిలాంటి మెత్త ఊడిపోయి ఉంటుంది. టేపును హెడ్‌కు అదిమి ఉంచేది అదే. స్క్రూలతో బిగించిన ఖాళీ క్యాసెట్‌ ఒకటి తెచ్చుకుని, పాత చుట్లను అందులోకి మార్చేయడమే సులువైన మార్గం. మూలల్లోని బుల్లి చక్రాలు, పైనా కిందా ఉండే పల్చటి ప్లాస్టిక్‌ షీట్లు వాటి స్థానాల్లోనే ఉండాలి. చేయి తిరగాలంటే ముందు పనికిరాని క్యాసెట్‌ మీద సాధన చేయండి.

చివరగా ప్లేయర్‌ హెడ్‌ను ఐసోప్రొపైల్‌ ఆల్కహాల్‌ అద్దిన దూదితో తుడిచి, ఆరాక మాత్రమే ప్లే బటన్‌ నొక్కండి. ఆ మొదటిసారే కంప్యూటర్లోకి రికార్డవ్వాలి సుమా! రెండోసారి టేపు సహకరిస్తుందన్న భరోసా లేదు. హెడ్‌ఫోన్‌ రంధ్రం నుంచి కంప్యూటర్‌ లైన్‌ ఇన్‌కు ఓ వైరు, ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ ఉంటే సరిపోతుంది. కాపీలు కనీసం రెండు చోట్ల దాచండి. బుసబుస శబ్దాన్ని మరీ తుడిచేయకండి, దాంతోపాటు గొంతులోని జీర కూడా పోతుంది.

ఇంతా చేశాక ఇంకో పని మిగులుతుంది. ఆ గొంతు ఎవరిదో, ఏ ఊరినుంచో, ఏ సంవత్సరమో పెద్దవాళ్లనడిగి రాసిపెట్టుకోండి. టేపును అతికించడానికి రేపైనా కుదురుతుంది. గొంతును గుర్తుపట్టేవాళ్లు రేపు ఉండొద్దూ!